ఉక్రెయిన్ కుటుంబాల కోసం మా ఊళ్లో పెట్టిన చిన్న సంస్థ: నడపాలా, పెద్ద సంస్థలో కలిపేయాలా?

పెన్నైన్‌గాలి (ఉత్తర ఇంగ్లండ్), 2025 జూన్ 7

అందరికీ నమస్కారం. మాది కొండల మధ్య ఉన్న చిన్న ఊరు. తెలుగువాళ్లం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందిమి. 2022 వసంతంలో ఊరివాళ్లు కొందరు చర్చి హాల్లో కూర్చుని యుద్ధం వల్ల ఇల్లు వదిలి వచ్చిన ఉక్రెయిన్ కుటుంబాల కోసం ఒక సేవా సంస్థ (ఛారిటీ) పెట్టారు. నాది లెక్కల ఉద్యోగం కావడంతో కోశాధికారిగా రమ్మన్నారు, వెళ్లాను.

ఇప్పుడు కమిటీలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. మొదటి ఏడాది ఇంటింటి నుంచీ విరాళాలు వచ్చాయి. ఇప్పుడు నెలనెలా పంపే దాతలు కొద్దిమందే మిగిలారు. ట్రస్టీల్లో ఇద్దరు వయసు మీద పడిందని తప్పుకుంటామంటున్నారు. ఉన్న డబ్బును పక్క నగరంలోని పెద్ద శరణార్థుల సంస్థకు అప్పగించి తలుపులు మూసేద్దామని కొందరి మాట. అసలు కష్టం ఇప్పుడే మొదలైంది, ఇప్పుడు మూస్తే ఎలాగని మిగతావాళ్ల మాట. నా మొగ్గు రెండో వైపే. కానీ లెక్కలు చూసేవాడిని కదా, మొగ్గు ఒక్కటే సరిపోదు. ఇలాంటి పనిలో ఉన్నవాళ్లు మీ అనుభవం చెబితే మేలు.

---

గోదావరిగట్టు (రాజమహేంద్రవరం), జూన్ 7

నాకు ఆ దేశం సంగతులు అంతగా తెలియవు, అందుకే అడుగుతున్నాను. శరణార్థులను అక్కడి ప్రభుత్వం చూసుకోవడం లేదా? ఇల్లు, భత్యం, బడి అన్నీ ఇస్తారని పేపర్లలో చదివాను. అవన్నీ ఉంటే ఇక మీ సంస్థ చేసేదేమిటి? బట్టలు పంచడమా?

---

పెన్నైన్‌గాలి, జూన్ 8

మంచి ప్రశ్న, కాస్త వివరంగా చెబుతాను.

2022 మార్చిలో బ్రిటన్ ప్రభుత్వం రెండు దారులు తెరిచింది. ఇక్కడ బంధువులున్నవాళ్లకు ఒకటి. అది 2024 ఫిబ్రవరిలో మూసేశారు. రెండోది ఎవరైనా తమ ఇంట్లో గది ఇస్తామని ముందుకొస్తే ఆ ఇంటికి వచ్చే పథకం. ఈ రెంటి కింద రెండు లక్షల పైచిలుకు మంది వచ్చారు. గది ఇచ్చినవారికి కృతజ్ఞతగా నెలకు 350 పౌండ్లు, ఏడాది దాటితే 500. 2025 ఏప్రిల్ నుంచి అందరికీ మళ్లీ 350 చేశారు. వచ్చినవారికి ఉద్యోగం చేసుకునే హక్కు, బడి, వైద్యం, భత్యం అన్నీ ఉన్నాయి. మీరు చదివింది నిజమే.

బట్టల సంగతి చెబితే నవ్వుతారు. మొదటి వేసవిలో హాల్లో నల్ల సంచులు నడుముల ఎత్తున పేరుకున్నాయి. విప్పితే జత తప్పిన బూట్లు, మంచులో ఆడుకునే దుస్తులు, ఒకదాంట్లో పెళ్లి గౌను. వలంటీర్లకు సగం సమయం వాటిని ఏరడానికే పోయింది. వచ్చిన ఆడవాళ్లలో లెక్కలు రాసేవాళ్లు, టీచర్లు, నర్సులు ఉన్నారు. వాళ్లు బట్టలు ఎక్కడని అడగలేదు. బ్యాంకు ఖాతా ఎలా తెరవాలి, ఇంగ్లిష్ తరగతి ఎక్కడ, పిల్లవాణ్ని ఏ తరగతిలో చేర్చాలి అని అడిగారు.

ఇప్పుడు ముడి ఇంటి దగ్గర పడింది. ఆతిథ్యం ఇచ్చిన కుటుంబాలు ఆరు నెలలకని ఒప్పుకుని మూడేళ్లు ఉంచుకున్నాయి. మా అమ్మాయి కాలేజీ నుంచి తిరిగి వస్తోంది, గది కావాలి అంటే ఏమంటాం? కాబట్టి ఈ కుటుంబాలు సొంతంగా అద్దె ఇల్లు వెతుక్కోవాలి. నెలకు 800 పౌండ్ల ఇల్లు అనుకోండి. డిపాజిట్ చట్టప్రకారం అయిదు వారాల అద్దెకు మించకూడదు. అయినా అది 923 పౌండ్లు. మొదటి నెల అద్దె కలిపితే 1,700 దాటుతుంది. అద్దె ఇప్పించే ఏజెంట్లు సాధారణంగా ఏడాది ఆదాయం నెల అద్దెకు 30 రెట్లు ఉండాలంటారు. అంత లేకపోతే హామీదారు కావాలి, ఆయన ఆదాయం 36 రెట్లు, అంటే 28,800 పౌండ్లు ఉండాలి. భత్యంలో అద్దెకిచ్చే భాగం 2024 ఏప్రిల్‌లో పెంచి అక్కడే ఆపేశారు. అద్దెలు మాత్రం ఆగలేదు.

పోయిన నెల ఖార్కివ్ నుంచి వచ్చిన ఒక తల్లితో ఏజెంటు దగ్గరికి వెళ్లాను. అక్కడ ఒక కంపెనీలో పద్దులు చూసిన మనిషి, ఇక్కడ హోటల్ గదులు శుభ్రం చేస్తున్నారు. జీతం చీటీలన్నీ నెలల వరుసలో ప్లాస్టిక్ కవర్లలో పెట్టి తెచ్చారు. ఏజెంటు వాటిని చూడనే లేదు. వీసా ఎన్నాళ్లుంది అని అడిగాడు. నాలుగు నెలలు, తర్వాత పొడిగిస్తారు అని ఆమె చెప్పారు. ఒప్పందం పన్నెండు నెలలకు కదా అని అతను ఫైలు మూసేశాడు.

---

విస్తులా (క్రాకోవ్, పోలండ్), జూన్ 8

ఆ ఫైలు మూయడం ఇక్కడా చూశాం.

2022 మార్చి మొదటి వారాల్లో నేను ప్షెమిషల్ స్టేషన్‌లో వలంటీరుగా ఉన్నాను. సరిహద్దుకు పక్కనే ఉన్న ఊరు, జనాభా అరవై వేలు కూడా ఉండదు. రైళ్లు దిగేవాళ్లలో దాదాపు అందరూ ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. 18 నుంచి 60 ఏళ్ల మగవాళ్లను దేశం దాటనివ్వలేదు కదా. ఆ రోజుల్లో పోలండ్‌లో ప్రతి వీధికీ ఒక సహాయ బృందం పుట్టింది. ఇంట్లో పెట్టుకున్నవాళ్లకు మనిషికి రోజుకు 40 జ్లోటీలు ప్రభుత్వం ఇచ్చేది.

ఇప్పుడు వాటిలో చాలా బృందాలు లేవు. అందరికీ అన్నీ చేస్తామన్నవి ముందు అలిసిపోయాయి. ఒక్క పని పట్టుకున్నవే నిలిచాయి. మా పేటలో ఒక బృందం పిల్లల బడి వ్యవహారం తప్ప మరొకటి ముట్టుకోదు. 2024 సెప్టెంబరు నుంచి ఉక్రెయిన్ పిల్లలు ఇక్కడి బడిలో చేరడం తప్పనిసరి చేశారు. అంతకుముందు ఎందరో పిల్లలు ఇంట్లో కూర్చుని తమ దేశపు బడినే ఆన్‌లైన్‌లో చదివేవారు. ఆ బదలాయింపు కాగితాలు, పోలిష్ రాని తల్లికీ టీచరుకూ మధ్య మాట, ఇంతే ఆ బృందం పని. నలుగురే ఉన్నారు, అయినా వాళ్ల దగ్గర ఎప్పుడూ వరుస ఉంటుంది.

మీ సంస్థకు ఆ ఒక్క పని అద్దె ఇల్లే అని మీ మాటల్లోనే ఉంది. పెద్ద సంస్థలో కలిపితే ఆ తల్లితో ఏజెంటు దగ్గరికి ఎవరు నడిచి వెళతారు?

---

లెక్కలమాస్టారు (లెస్టర్), జూన్ 9

భావావేశాలు కాసేపు పక్కన పెట్టి కాగితాలు చూద్దాం. నేను రెండు చిన్న సంస్థలకు స్వతంత్ర పరిశీలకుడిగా లెక్కలు చూస్తాను.

మొదట, మీ పాత కరపత్రాలు బయటికి తీయండి. డబ్బు అడిగినప్పుడు "ఉక్రెయిన్ కుటుంబాల కోసం" అని ఉంటే ఆ డబ్బు ఆ పనికే కట్టుబడి ఉంటుంది. పెద్ద సంస్థకు ఇచ్చినా వాళ్లు దాన్ని విడి నిధిగా ఉంచి అదే పనికి ఖర్చు చేయాలి. వాళ్ల సాధారణ ఖర్చుల్లో కలిపేయడానికి లేదు. విలీనం అనేవాళ్లకు ఈ సంగతి తెలుసో లేదో.

ఏడాది ఆదాయం 5,000 పౌండ్లు దాటితే ఇంగ్లండ్, వేల్స్‌లో సేవా సంస్థలను పర్యవేక్షించే ఛారిటీ కమిషన్ దగ్గర నమోదు తప్పదు. మీరు చేసే ఉంటారు. గిఫ్ట్ ఎయిడ్ వాడుతున్నారా? పన్ను కట్టే దాత పౌండు ఇస్తే ప్రభుత్వం 25 పెన్నీలు కలుపుతుంది. గడిచిన నాలుగేళ్లవి వెనక్కి అడగవచ్చు. చిన్న సంస్థలు దాతల చేత గిఫ్ట్ ఎయిడ్ ఫారం మీద సంతకం తీసుకోక చేతికందే డబ్బు వదిలేసుకుంటాయి.

ఇక హామీ సంగతి. సంస్థ తానే హామీదారుగా సంతకం పెట్టడానికి నేను ఒప్పుకోను. అద్దె ఆగితే ఆ భారమంతా మీ నిధి మీద పడుతుంది. ఒక్క కుటుంబం వల్ల మిగతా కుటుంబాల డబ్బు పోతుంది. డిపాజిట్ ఇవ్వడం వేరు, దానికి హద్దు ఉంటుంది. హామీకి హద్దు ఎక్కడుంటుంది?

---

బాలాపూర్‌వాసి (హైదరాబాద్), జూన్ 9

నా మాట కొందరికి చేదుగా ఉండవచ్చు. మా ఇంటికి కూతవేటు దూరంలో రొహింగ్యా కుటుంబాలు రేకుల షెడ్లలో ఏళ్ల తరబడి ఉంటున్నాయి. వాళ్ల కోసం ఏ దేశమైనా ఇలాంటి గది పథకం పెట్టిందా? నెలకు 350 ఇచ్చిందా? మన దేశం 1951 నాటి శరణార్థుల ఒప్పందంలో లేదు, కాబట్టి వాళ్ల చేతిలో ఐక్యరాజ్యసమితి కార్డు తప్ప హక్కు అంటూ ఏదీ లేదు. ఇంగ్లండ్‌లోనే 2021లో వచ్చిన ఆఫ్ఘన్లను నెలల తరబడి హోటళ్లలో ఉంచారు. ఉక్రెయిన్ వాళ్లు తెల్లగా ఉన్నారు కాబట్టి తలుపులు తెరుచుకున్నాయి. ఇది చెప్పకుండా సాయం గురించి ఎంత మాట్లాడినా సగం మాటే.

---

విస్తులా, జూన్ 9

చెప్పాల్సిందే చెప్పారు. 2022లో సరిహద్దు దగ్గర భారతీయ, ఆఫ్రికన్ విద్యార్థులను వెనక్కి నెట్టి వరుసలో నిలబెట్టారని అప్పుడే వార్తలు వచ్చాయి. బెలారస్ వైపు అడవిలో సిరియా, ఇరాక్ వాళ్లను ఇదే పోలండ్ వెనక్కి తోసింది. రెండూ ఒకే దేశం చేసిన పనులే.

కానీ ఒక మాట. ఖార్కివ్ తల్లికి ఇల్లు దొరక్కపోతే బాలాపూర్‌లో ఒక షెడ్డుకు కొత్త రేకు పడుతుందా?

---

బాలాపూర్‌వాసి, జూన్ 9

పడదు. ఆమెకు ఇల్లు వద్దని నేను అనలేదు. ఆ సంస్థ తన తలుపు కాస్త వెడల్పు చేసుకోవచ్చు కదా అంటున్నాను.

---

లెక్కలమాస్టారు, జూన్ 10

చేసుకోవచ్చు, దారి ఉంది. సంస్థ ఉద్దేశాల్లో "ఉక్రెయిన్" అని ఉంటే దాన్ని "ఏ దేశపు శరణార్థులైనా" అని మార్చడానికి ఛారిటీ కమిషన్ ముందస్తు అనుమతి కావాలి. కానీ పాత డబ్బు పాత పనికే. మార్చిన తర్వాత కొత్తగా అడిగి తెచ్చిన డబ్బే అందరికీ. ఈ తేడా తెలియక కొట్టుకునే కమిటీలను చూశాను.

---

పాతవిద్యార్థిని (హనుమకొండ), జూన్ 11

ఈ చర్చ చదివి రాయకుండా ఉండలేకపోయాను. నేను ఉక్రెయిన్‌లోని విన్నిత్సియాలో ఎంబీబీఎస్ చదువుతుండగా యుద్ధం వచ్చింది. బస్సులో రొమేనియా సరిహద్దుకు వెళ్లాం. చివరి దూరం సూట్‌కేసు లాక్కుంటూ మంచులో నడిచాం. వరుసలో మమ్మల్ని ఆపి వాళ్లవాళ్లను ముందు పంపడం నేను కళ్లారా చూశాను. బాలాపూర్‌వాసి గారూ, అది అబద్ధం కాదు. నేను అద్దెకున్న ఇంటి ముసలమ్మ నన్ను పంపేటప్పుడు ఉడికించిన గుడ్లు, రొట్టె మూటకట్టి ఇచ్చింది, తాను మాత్రం కదలనంది. అదీ అబద్ధం కాదు. సరిహద్దు దాటాక రొమేనియా వాళ్లు ఒక బడి జిమ్‌లో పరుపులు పరిచి ఉంచారు. తర్వాత మన ప్రభుత్వం మమ్మల్ని తీసుకురావడానికి నడిపిన ఆపరేషన్ గంగ విమానంలో ఢిల్లీ వచ్చాం. అక్కడ తెలంగాణ భవన్‌లో అన్నం పెట్టి హైదరాబాద్ విమానం ఎక్కించారు.

మాకు తిరిగి వెళ్లడానికి ఇల్లు ఉంది. మా ముసలమ్మ కూతురు ఇప్పుడు జర్మనీలో ఉంది, ఆమెకు అది లేదు.

నాకు ఉక్రేనియన్ మాట్లాడటం బాగానే వచ్చు. రోగులతో మాట్లాడాలి కాబట్టి నేర్చుకున్నాం. మీ కుటుంబాల్లో ఎవరికైనా డాక్టరు దగ్గర మాట సాయం కావాలంటే ఫోనులో చేస్తాను. డబ్బు అక్కర్లేదు.

---

లీనదీతీరం (కార్క్, అయర్లండ్), జూన్ 11

పాతవిద్యార్థిని గారూ, మీ మనసు గొప్పది. కానీ నేను ఆసుపత్రిలో నర్సును, ఒక జాగ్రత్త చెప్పాలి. వైద్యం దగ్గర అనువాదానికి ఆసుపత్రే మనిషిని ఏర్పాటు చేయాలి, ఇంగ్లండ్‌లోనూ అంతే, రోగి ఖర్చు పెట్టనక్కర్లేదు. మందు మోతాదు ఒక్క అంకె తప్పినా బాధ్యత ఎవరిది? పిల్లల చేత తల్లి జబ్బు గురించి చెప్పించడం మరీ ఘోరం, అది రోజూ చూస్తున్నాను. సంస్థవాళ్లు చేయాల్సింది "మాకు అనువాదకులు కావాలి" అని అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే గట్టిగా అడగడం. మీ భాష ఇంగ్లిష్ తరగతిలో, కబుర్లలో పనికొస్తుంది. అదేమీ తక్కువ పని కాదు.

తరగతి అంటే గుర్తొచ్చింది. మా పారిష్ హాల్లో బుధవారాలు ఇంగ్లిష్ చెబుతాం. ఒకరోజు "మార్కెట్లో ఏమి కొన్నారు" అని పాఠం నడుస్తుండగా ఒకావిడ ఫోను సైరన్ మోగింది. వైమానిక దాడి హెచ్చరిక యాప్ అది. భర్త ఉన్న ఊరిని అందులో అలాగే ఉంచుకుంది. కొత్తగా వచ్చిన ఐరిష్ వలంటీరు మంటలు అంటుకున్నాయనుకుని తలుపు వైపు పరుగెత్తాడు. ఉక్రెయిన్ ఆడవాళ్లు ఎవరూ కదల్లేదు. ఆవిడ ధ్వని తగ్గించి మెసేజ్ పెట్టి, "బంగాళాదుంపలు కొన్నాను" అని పాఠం పూర్తి చేసింది. ఆ తర్వాత ఆ గదిలో ఫోన్లు మూసేయమని మేము ఎవరికీ చెప్పలేదు.

ఇక్కడ కూడా ఇంటి కష్టమే. గది ఇచ్చినవారికి మొదట 400 యూరోలు, తర్వాత 800 ఇచ్చి 2025లో 600కి తగ్గించారు. ఇంటివాళ్లు ఖాళీ చేయమంటారేమోనని మా తరగతిలో సగం మందికి దిగులు.

---

గోదావరిగట్టు, జూన్ 11

ఆడమనిషి ఒక్కతే పిల్లలతో ఎవరో తెలియని ఇంటికి వెళ్లడం... ఆడపిల్లలకు ప్రమాదం కాదా? దీన్ని ఎవరూ ఎత్తలేదేమిటి?

---

పెన్నైన్‌గాలి, జూన్ 12

ఎత్తాల్సిన విషయమే. 2022 ఏప్రిల్‌లోనే ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ బ్రిటన్‌ను హెచ్చరించింది, ఆడవాళ్లను ఒంటరి మగవాళ్ల ఇళ్లకు పంపవద్దు, కుటుంబాల దగ్గరికి పంపండి అని. గది ఇచ్చేవారి నేరచరిత్రను తనిఖీ చేస్తారు, కౌన్సిల్ (స్థానిక పాలక సంస్థ) మనిషి ఇల్లు చూసి వెళతాడు. అది గేటు దగ్గరి తనిఖీ. లోపల ఏం జరుగుతోందో వారానికోసారి టీకి పిలిచే మనిషికే తెలుస్తుంది. మా దగ్గర ప్రతి కుటుంబానికీ ఒక వలంటీరు ఉంటారు, వాళ్లు ఆతిథ్యం ఇచ్చిన ఇంటికి స్నేహితులు కాకూడదన్నది నియమం. మా ఊళ్లో అందరూ అందరికీ స్నేహితులే కాబట్టి ఈ నియమం పాటించడానికి మా కార్యదర్శి పడే పాట్లు చూడాలి.

మాస్టారూ, మీ హామీ హెచ్చరిక కమిటీకి చదివి వినిపించాను. అయితే ఒక ప్రశ్న. డిపాజిట్‌ను విరాళంగా ఇవ్వాలా, అప్పుగా ఇవ్వాలా? అప్పు అయితే డబ్బు తిరిగి వస్తుంది, మరో కుటుంబానికి అందుతుంది.

---

లెక్కలమాస్టారు, జూన్ 12

అప్పు వినడానికి బాగుంటుంది. ఇచ్చాక వసూలు చేసేది ఎవరు? వారం వారం టీకి పిలిచే వలంటీరే వాయిదా ఏమైందని అడగాలా? పైగా అప్పులివ్వడం మొదలుపెడితే దాని నియంత్రణ నిబంధనలు వేరే, సలహా తీసుకోకుండా దిగవద్దు. విరాళంగా ఇవ్వండి. ఇల్లు ఖాళీ చేసినప్పుడు డిపాజిట్ వాళ్లకే తిరిగి వస్తుంది, తర్వాతి ఇంటికి అదే పనికొస్తుంది.

ఇంకొకటి. మీ కౌన్సిల్‌ను అడిగారా? గది పథకం కింద వచ్చిన ఒక్కో మనిషికి కేంద్ర ప్రభుత్వం కౌన్సిల్‌కు మొదట 10,500 పౌండ్లు ఇచ్చింది, 2023 జనవరి 1 నుంచి వచ్చినవారికి 5,900. కొన్ని కౌన్సిళ్లు అందులోంచి డిపాజిట్లు, హామీ పథకాలు నడుపుతున్నాయి. హామీ మోయాల్సిన భుజం అది, మీది కాదు.

---

దక్షిణద్వారం (లండన్), జూన్ 13

వీసా గురించి చిన్న చేర్పు. 2025 ఫిబ్రవరి 4న తెరిచిన పొడిగింపు 18 నెలలకు. రుసుము లేదు. ఈ కాలం స్థిరనివాసం లెక్కలోకి రాదు. మొదలైనప్పటి నియమం ప్రకారం వీసా ముగియడానికి 28 రోజుల ముందు నుంచి మాత్రమే దరఖాస్తు తీసుకునేవారు. అందుకే ఇంటి యజమానులు భయపడుతున్నారు. ఇంగ్లండ్‌లో అద్దెకిచ్చే ముందు ఉండే హక్కు చూడటం యజమాని బాధ్యత, తప్పితే జరిమానా. పొడిగింపు దరఖాస్తు గడువులోపు పెట్టుకుంటే నిర్ణయం వచ్చేదాకా పాత హక్కులు కొనసాగుతాయి. ఇది ఏజెంటుకు నోటితో చెబితే నమ్మడు. ప్రభుత్వ మార్గదర్శకాల పేజీ ముద్రించి చేతిలో పెట్టండి.

ఇప్పుడు కార్డు లేదు, అంతా ఆన్‌లైన్ వీసానే. స్మార్ట్‌ఫోను లేని అమ్మమ్మలు ఉంటే వాళ్ల ఖాతా ముందుగా సరిచూడండి. మా దగ్గర ఒకావిడ పాస్‌పోర్టు మార్చుకున్నారు, ఖాతాలో పాత నంబరే ఉండిపోయింది. ఇల్లు ఖాయమయ్యే రోజు అది బయటపడింది.

---

నిర్వాహకుడు, జూన్ 13

రెండు వ్యాఖ్యలు తొలగించాను. యుద్ధంలో ఎవరిది తప్పన్న వాదనకు వేరే చోటు ఉంది. విరాళాల కోసం ఇక్కడ ఖాతా నంబర్లు పెట్టవద్దు.

---

పెన్నైన్‌గాలి, జూన్ 22

కమిటీ కూర్చుంది. సంస్థను మూయడం లేదు. బట్టలు, సామాన్ల సేకరణ పూర్తిగా ఆపేస్తున్నాం. హాలు అద్దె మిగులుతుంది. ఉన్న నిధిలో ఎక్కువ భాగం డిపాజిట్లకు, అదీ విరాళంగా. ఒక్కో కుటుంబానికి ఎంతవరకు అన్న పరిమితి రాతపూర్వకంగా పెట్టుకున్నాం. హామీ కోసం కౌన్సిల్‌కు లేఖ వెళ్లింది, జవాబు రాలేదు. గిఫ్ట్ ఎయిడ్ ఫారాలు పాత దాతలకు పంపడం నా పని, పది మంది అప్పుడే సంతకం చేసి పంపారు. ఉద్దేశాల మార్పు మీద ఇద్దరు ట్రస్టీలు గట్టిగా అడ్డం తిరిగారు. శరదృతువులో మళ్లీ చర్చకు పెడతాం. బాలాపూర్‌వాసి గారి మాటలను నా మాటలుగా వాళ్లకు చెప్పాను, అభ్యంతరం ఉండదనుకుంటాను.

ఖార్కివ్ తల్లికి ఇల్లు ఇంకా దొరకలేదు. దక్షిణద్వారం గారు చెప్పిన ముద్రిత పేజీ పట్టుకుని ఇద్దరు ఏజెంట్ల దగ్గరికి వెళ్లాం. ఒకరు యజమానిని అడిగి చెబుతానన్నారు.

---

బాలాపూర్‌వాసి, జూన్ 22

అభ్యంతరం ఏమీ లేదు. శరదృతువు సమావేశం తర్వాత ఏమైందో మాత్రం రాయండి.

---

పాతవిద్యార్థిని, జూన్ 23

ఇంగ్లిష్ తరగతి ఏ రోజు, మీ టైము ప్రకారం ఎన్నింటికి? నాకు ఆదివారాలు, మంగళవారం సాయంత్రాలు వీలవుతుంది. మీ సాయంత్రం అయిదంటే ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర, పరవాలేదు.

---

పెన్నైన్‌గాలి, జూన్ 23

మంగళవారం, మా అయిదున్నరకు. కెమెరా వేసి వస్తే చాలు. విడిగా మెసేజ్ పెడుతున్నాను. మా సంస్థ నిబంధన ప్రకారం మీ గుర్తింపు కాగితాలు, ఇద్దరి సిఫారసు లేఖలు ముందు పంపాలి, ఏమీ అనుకోకండి.